తెలిసే

సెతూబల్లో, చేపల మార్కెట్ వెనక సందులో నా కొట్టు.
బోర్డు మీద అక్షరాలు ఉప్పుగాలి తినేసింది.
పాత రేడియోలు, టోస్టర్లు, గొంతు పోయిన టెలిఫోన్లు
చివరికి నా దగ్గరికే వస్తాయి.
బాగవుతాయని నేనెవరికీ మాటివ్వను.

ఆ స్పీకర్ల జత నలభై యూరోలు.
పైన వాల్‌నట్ చెక్కలా కనబడే కాగితం,
లోపల రంపపుపొట్టు పలక.
ఎడమదాని గుడ్డ మీద ఎవరిదో కాఫీ మరక.
కుడిదాని కోన్ చిరిగితే నేనే మార్చాను,
ఒక ఆదివారం, ఫుట్‌బాల్ కామెంటరీ వింటూ.

మొదట కొన్నది బల్తజార్, ఫెర్రీలో టికెట్లు చింపేవాడు.
వారం తిరక్కుండా తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"డ్రమ్ము కొడుతున్నట్టు లేదు నార్సీసూ,
పక్కింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టుంది."
ముప్పై అయిదు తిరిగిచ్చాను. మిగతా అయిదు నా ఓపికకి.

తర్వాత ఇవోన్, పెళ్లికేకులు చేసే పిల్ల.
"చవకే, కాదనను. పిండి పడ్డా తుడుచుకోవచ్చు.
కానీ పాడేవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలీదు.
నేను తల తిప్పితే వాడూ తప్పుకుంటాడు."

మూడోవాడు కాలేజీ కుర్రాడు, కొలతల మనిషి.
గ్రాఫు కాగితం పరిచి
ఎనభై హెర్ట్జ్ దగ్గర గొయ్యి ఉందన్నాడు.
గదిలో మూల మార్చి చూడమన్నాను.
మూల మార్చాడు. మంచం మార్చాడు. ఆఖరికి ఇల్లే మారాడు,
స్పీకర్లు నా గుమ్మంలో దించేసి.

నేను మాత్రం పెదవి విరుస్తూనే ఉన్నాను.
నలభై యూరోలకి ఆర్కెస్ట్రా ఇంటికి దిగొస్తుందా?

నాలుగోది జుల్మీరా.
సార్డీన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు
చేపల తలలు తీసిన చేతులు.
కొన్నాక రెండేళ్లు మళ్లీ కనబడలేదు.
వచ్చింది కూడా ఫిర్యాదుకి కాదు,
కుడిదాని తీగ ఎలుక కొరికిందని.

అప్పుడు విప్పాను. నాలుగు స్క్రూలు.
మూత చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.
ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది,
నల్లదాని చోట ఎర్రది.
నా టంకమే. నా చేతి బొట్టు నాకు తెలీదా?
ఒక పెట్టె ఊపిరి వదులుతుంటే
ఇంకోటి పీల్చుకుంటోంది ఇన్నాళ్లూ.
ఒకటి రాసింది ఇంకోటి చెరిపేస్తోంది.
పరుపు దులుపుడు, చోటు లేని పాటగాడు, ఎనభై దగ్గర గొయ్యి.
ముగ్గురూ నిజమే చెప్పారు,
ముగ్గురూ నా ఆదివారం గురించే చెప్పారు.

సరిచేశాను.
డబ్బులు వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే, షట్టరు సగం లేవకముందే,
చక్రాల సంచీలో రెండింటినీ ఈడ్చుకుంటూ జుల్మీరా.
"ఏం చేశావు వీటిని?"

"మా తమ్ముడి క్యాసెట్ ఒకటుంది.
వల కుట్టుకుంటూ వాడు చెప్పే సోది,
పడవకి పెయింటు ఖరీదు, మోకాలి నొప్పి, అదీ ఇదీ.
మొన్నటిదాకా ఇల్లంతా ఉండేవాడు.
వంటింట్లో, మెట్ల మీద, నేను అల్లుకుంటుంటే నా వెనక.
ఇప్పుడు రెండు పెట్టెల మధ్య
కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.
అంత సరిగ్గా ఒకచోట కూర్చుంటే
అక్కడ లేడని తెలిసిపోతోంది."

అంతకు ముందుదే తప్పమ్మా, ఇదే సరైందని
చెప్పడానికి నోరు తెరిచాను.
మూసుకుని,
టంకం పుల్ల ప్లగ్గులో పెట్టాను.
వేడెక్కడానికి నాలుగు నిమిషాలు.
ఆమె స్టూలు మీద కూర్చుని
ఆ రోజు సార్డీన్ల ధర చెప్పింది,
ఎక్కువేనని తనే అనుకుంది.

నల్లది ఎరుపుకి. ఎర్రది నలుపుకి.
ఈసారి కామెంటరీ పెట్టలేదు.
మూత బిగించే ముందు, లోపలి పలక మీద
రేపెప్పుడో దీన్ని విప్పి నవ్వబోయేవాడి కోసం
పెన్సిలుతో ఒక్క మాట రాశాను:
తెలిసే.